మెనూలో లేనిది

2017 దసరా సెలవులకు జనగామ పోయినప్పుడు రెండు రోజులు పనిగట్టుకుని బాపు వెనక కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కంప్యూటరు ముందు ఆయన ఏం చేస్తాడు, ఎక్కడ నొక్కుతాడు, ఎక్కడ చెయ్యి ఆగిపోతుంది అని చూడటానికి. ఆ డెస్క్‌టాప్ నా పాతదే. లినక్స్ మింట్ ఎక్కించి అంతకు ముందటి ఎండాకాలంలో ఇంట్లో పెట్టి వచ్చాను. నాలుగు నెలల్లో బాపు దాన్ని వాడింది తక్కువ, భయపడింది ఎక్కువ. ముప్ఫై ఏళ్ళు హైస్కూళ్ళలో తెలుగు చెప్పిన మనిషి. మెనూ తెరిస్తే అరవై పేర్లు బారులు తీరేవి. ఒకటి నొక్కబోయి ఇంకొకటి నొక్కితే, తెలియని కిటికీ ఏదో తెరుచుకుంటే, లేచి ప్లగ్గు పీకేసేవాడు. అదే ఆయనకు తెలిసిన 'అన్‌డూ'.

రెండో రోజు సాయంత్రం మెనూ ఎడిటర్ తెరిచాను. ప్రతి ప్రోగ్రాం పేరు పక్కనా ఒక చిన్న గడి, గడిలో టిక్కు. టిక్కు తీసేస్తే మెనూలో ఆ పేరు కనబడదు. అంతే పని. తీసుకుంటూ పోయాను. అరవై కాస్తా నాలుగయ్యాయి. ఆ నాలుగింటికి పేర్లు కూడా మార్చాను. ప్రతి ప్రోగ్రాంకీ లోపల ఒక చిన్న పాఠ్యపు ఫైలు ఉంటుంది. అందులో తెలుగు పేరు కోసం వేరే గీత ఉంటుంది. బ్రౌజరుకు ఎదురుగా 'పేపరు' అని రాశాను, ఎందుకంటే బాపు దాన్ని పొద్దున పేపరు చదవడానికే తెరిచేవాడు. లిబ్రెఆఫీస్ రైటరుకు 'రాత'. ఇంకోటి 'ఫొటోలు'. నాలుగోది సాలిటేర్, దానికి 'పేకాట' అని పెడితే అమ్మ "పంతులు కంప్యూటర్ల పేకాటనా, ఇగ మంచిగున్నది" అని నవ్వింది.

ఫలితం వెంటనే కనబడింది. దీపావళి నాటికి బాపు ప్లగ్గు పీకడం మానేశాడు. సంక్రాంతికి పోయేసరికి 'రాత'లో పదిహేడు పేజీలు టైపు చేసి ఉంచాడు, మా వంశవృక్షమూ, తాను పనిచేసిన ఊళ్ళ సంగతులూ. ఆఫీసులో ఈ కథ చాలామందికి చెప్పుకున్నాను. మనిషి అలవాటుకు యంత్రాన్ని సరిచేస్తే ఇట్లా ఉంటుంది చూడండి అని. ఈ వ్యాసం ఆ గొప్ప గురించి కాదు.

*

అలవాటుకు తగ్గట్టు వస్తువుల్ని అమర్చుకోవడం కంప్యూటర్లతో పుట్టిన ముచ్చట కాదు. మా అమ్మ పోపుల డబ్బాలో ఏ గిన్నెలో ఏముందో కరెంటు పోయినా ఆమె చేతికి తెలుసు. జనగామ పక్కనే పెంబర్తి ఉంది, ఇత్తడి నగిషీ పనికి పేరున్న ఊరు. అక్కడి పనివాళ్ళు రకరకాల ఉలులు చేతికందే దూరంలో ఉంచుకుని కూర్చుంటారు. చూపు రేకు మీద ఉంటుంది, చెయ్యి కావలసిన ఉలిని వెతుక్కోకుండా అందుకుంటుంది. వస్తువు ఎక్కడుందో ఆలోచించనక్కర్లేకపోవడమే నేర్పులో సగం.

కంప్యూటరులో ఈ అమరికను మొదట అందరికీ ఒకే రకంగా ఇచ్చారు. 1995 ఆగస్టులో వచ్చిన విండోస్ 95తో స్టార్ట్ బటన్, దాని మీద నొక్కితే లేచే మెనూ జనానికి అలవాటయ్యాయి. కొన్నాళ్ళకు మైక్రోసాఫ్ట్ వాళ్ళకు ఒక ఆలోచన వచ్చింది. మెనూలో సగం ఆప్షన్లు చాలామంది ముట్టుకోనే ముట్టుకోరు కదా, అవి ఎందుకు కళ్ళ ముందు? ఆఫీస్ 2000లో, తర్వాత విండోస్ 2000 స్టార్ట్ మెనూలో, తరచుగా వాడేవి మాత్రం చూపించి మిగతావి దాచేశారు. అడుగున కిందికి చూసే రెండు చిన్న బాణాలు ఉండేవి. వాటి మీద నొక్కితే మిగతా జాబితా విచ్చుకునేది. ఎవరు ఏది ఎన్నిసార్లు వాడారో యంత్రమే లెక్కపెట్టుకునేది.

ఇంటర్ చదివే రోజుల్లో హన్మకొండలో కంప్యూటర్ క్లాసుకు పోయేవాణ్ణి. ఒక్కో కంప్యూటరు మీద రోజుకు నాలుగు బ్యాచులు. పొద్దుటి బ్యాచు వాడిన దాన్నిబట్టి మెనూ ఒక రూపంలో ఉండేది, సాయంత్రానికి ఇంకో రూపం. "సార్, నిన్న ఉన్న ఆప్షను ఇయ్యాల లేదు సార్" అనేది అక్కడ రోజూ వినబడే మాట. సార్ వచ్చి బాణం నొక్కి చూపించి, విసుక్కుని పోయేవాడు. చివరికి ఒకరోజు అన్ని కంప్యూటర్లలోనూ 'ఎప్పుడూ పూర్తి మెనూ చూపించు' అన్న ఆప్షను పెట్టేశాడు. ఆఫీస్ 2007 వచ్చేసరికి మైక్రోసాఫ్ట్ కూడా ఆ పద్ధతిని వదిలేసింది. నిజానికి అంతకు చాలాముందే, 1989లో, జెఫ్రీ మిచెల్, బెన్ ష్నైడర్‌మన్ అనే ఇద్దరు ఇట్లా తనంతట తాను మారే మెనూనూ, కదలకుండా ఉండే మెనూనూ పక్కపక్కన పెట్టి మనుషులతో వాడించి చూశారు. ఎక్కువమంది కదలనిదే బాగుందన్నారు.

ఇవన్నీ తెలిసే నేను బాపు మెనూ సర్దాను. నా వాదన ఏమిటంటే, యంత్రం లెక్క మాత్రమే పెడుతుంది, దానికి మనిషి తెలియదు. నాకు బాపు తెలుసు. ఆయన పేపరు ఎంతసేపు చదువుతాడో, దేనికి విసుక్కుంటాడో ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాను. నేను సర్దితే అది లెక్క కాదు, ఎరుక.

*

2018 బతుకమ్మకు ఇంటికి పోయాను. మా నాయనమ్మ బాపు దగ్గరే ఉంటుంది. మా వాడలో బతుకమ్మ ఆడేటప్పుడు పాట ఎత్తుకునేది ఎప్పుడూ ఆమే. ఒక పెద్ద కథపాట ఉంది ఆమెది. కూతురిని అత్తగారింటికి పంపడంతో మొదలై ఎక్కడెక్కడికో పోయి అరగంటకు గానీ తెగదు. ఎవరి దగ్గర నేర్చుకుందని అడిగితే "నేర్చుకునుడేంది, పాడుతాంటె వచ్చింది" అంటుంది. ఆ ఏడు పాట ఎత్తుకుంది. మొదటి చరణం అయింది. రెండోది రాలేదు. మళ్ళీ మొదటిదే పాడింది. మళ్ళీ అదే. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు చప్పట్లు ఆపకుండా ఇంకో పాట అందుకున్నారు. నాయనమ్మ కూడా వాళ్ళతో కలిసి తిరుగుతూనే ఉంది, పల్లవి మాత్రం అంటూ. అప్పటికే ఆర్నెల్లుగా పేర్లు మరిచిపోతోందని అమ్మ ఫోనులో చెబుతూ ఉండేది. నేను ముసలితనం కదా అనుకున్నాను.

ఆ రాత్రి అరుగు మీద కూర్చున్నప్పుడు బాపు అన్నాడు.

"పోయినేడే పట్టి పెడుదామనుకున్న ఆ పాట."

"మరి పట్టకపోతివి?"

"అది కనవడలే గదరా."

"ఏది?"

"గొంతు పట్టేది. ముందుగాల ఉండె. నువ్వు తీసేసినవ్ గదా."

నాకు ఒక్క క్షణం ఏం మాట్లాడుతున్నాడో తెలియలేదు. తర్వాత గుర్తొచ్చింది. స్కైపులో మాట్లాడుకోవడానికి నేను కొనిచ్చిన మైకు ఒకటి ఉండేది. శబ్దం రికార్డు చేసే చిన్న ప్రోగ్రాం ఒకటి మెనూలో ఉండేది. మెనూ సర్దిన రోజున ఆయన ఫోల్డర్లో ఒక ఆడియో ఫైలు కూడా చూశాను. తెరిస్తే "హలో... హలో... వినవడుతాందా" అని బాపు గొంతు, పన్నెండు సెకన్లు. నవ్వుకున్నాను. ఒక్కసారి వాడాడు, సరదాకు. ఒక్కసారి వాడింది అలవాటు కాదు. టిక్కు తీసేశాను.

ఆయన దగ్గర అప్పుడు ఉన్నది బటన్ల ఫోను. ఆ మైకుతో ముందు తన గొంతు పరీక్షించి చూసుకున్నాడు, బతుకమ్మ పండుగ అయినంక నాయనమ్మను కూర్చోబెట్టి పాడిద్దామని. నేను వచ్చి వెళ్ళిన తర్వాత వెతికితే లేదు.

"తీసెయ్యలే బాపు. దాచిన అంతే. లోపల ఉన్నది."

"రెండిటికి తేడా ఏందిరా?"

"నన్ను అడిగితే చెప్తుంటి కదా."

"నువ్వు తీసినవంటె నాకు అక్కర లేదనే గదా అనుకున్న."

ఇందులో నిష్ఠూరం ఏమీ లేదు. ఉన్నమాట చెప్పినట్టు చెప్పి బీడీ వెలిగించుకున్నాడు.

*

తీసెయ్యడానికీ దాచడానికీ తేడా ఏమిటన్న ప్రశ్న మా వృత్తిలో చిన్నదేమీ కాదు. లినక్స్ డెస్క్‌టాపుల్లో ఏ ప్రోగ్రాం మెనూలో ఎట్లా కనబడాలో చెప్పే ఒక ఉమ్మడి నిర్వచనపత్రం ఉంది. ఫ్రీడెస్క్‌టాప్ వాళ్ళది. అందులో రెండు మాటలు ఉన్నాయి. 'నోడిస్‌ప్లే' అంటే వస్తువు ఉంది, మెనూలో మాత్రం చూపించకు అని. 'హిడెన్' అంటే వాడేవాడు దీన్ని తన మట్టుకు తీసేసుకున్నాడు, లేనట్టే లెక్క అని. రెండో మాట పొరబాటుగా పెట్టామని, దానికి 'డిలీటెడ్' అని పేరు పెట్టాల్సిందని ఆ పత్రంలోనే ఒప్పుకున్నారు. నేను పెట్టింది మొదటిది. సాంకేతికంగా నేను బాపు దగ్గరనుంచి ఏమీ తీసుకోలేదు. ప్రోగ్రాం డిస్కులో ఉంది, మైకు డ్రాయరులో ఉంది, నాయనమ్మ మంచం మీద ఉంది. మెనూ తప్ప ఇంకో దారి తెలియని మనిషికి మెనూలో లేనిది లోకంలో లేదు. ఇంజనీర్లు రెండు మాటలు పెట్టుకున్న చోట బాపుకు ఒకటే అనుభవం.

ఇంతకంటే నన్ను పట్టి కుదిపింది రెండో సంగతి. నేను సర్దిన మెనూను నేను సౌకర్యం అనుకున్నాను. ఆయన దాన్ని తీర్పు అనుకున్నాడు. కొడుకు ఇంజనీరు, అన్నీ తెలిసినవాడు, రెండు రోజులు వెనక కూర్చుని చూసి నీకు అక్కరకొచ్చేవి ఈ నాలుగు అని తేల్చాడు. అయితే నాలుగే కాబోలు. 'పేపరు' అన్న పేరు కూడా అట్లాగే పనిచేసింది. ఆ తర్వాత ఒకసారి ఫోను చేసి, పింఛను వివరాలు చూసుకోవాలంటే కంప్యూటర్ల ఏం ఎక్కించాలె అని అడిగాడు. 'పేపరు'లోనే వస్తుంది బాపు అంటే, "పేపర్ల పింఛను ఎట్లొస్తదిరా?" అన్నాడు. బ్రౌజరు అన్న మొండి ఇంగ్లీషు పేరే ఉంటే, దానికి అర్థం తెలియదు కాబట్టే, ఏమైనా చేస్తుందేమో అని నొక్కి చూసేవాడు. అర్థమయ్యే పేరు పెట్టి తలుపు ఇరుకు చేశాను.

అడిగి చెయ్యాల్సింది అంటారు మీరు. నేనూ అదే అనుకున్నాను కొన్నాళ్ళు. అడిగితే ఏమంటాడో కూడా తెలుసు, "నీ ఇష్టం" అంటాడు. మన ఇళ్ళలో ఈ రెండు మాటల మీద ఎన్ని జీవితాలు నడిచాయో! జాబితాలో ఏమున్నాయో తెలియని మనిషి చెప్పే "నీ ఇష్టం" ఒప్పుకోలు కాదు, నమ్మకం. నమ్మకం ఇచ్చినవాడి మీద కంటే తీసుకున్నవాడి మీద ఎక్కువ బరువు వేస్తుంది. ఒకప్పుడు నేనూ అదే మాట అన్నాను. పదో తరగతి అయ్యాక ఏ గ్రూపు అని బాపు అడిగాడు. కాదు, అడిగినట్టు అడిగాడు. నా ముందున్న మెనూలో ఎంపీసీకి ఒక్కదానికే టిక్కు ఉంది. ఇంట్లో కథల పుస్తకాలు నింపి, నాకు చదవడం నేర్పి, తెలుగు చదువుకోవడం అన్నదాన్ని మాత్రం జాబితాలోంచి దాచేసింది తెలుగు పంతులే. ప్రేమతోనే. నా మేలు తనకు తెలుసన్న ఎరుకతోనే. పగలు కోడు రాసి రాత్రి పుస్తకాల మీద రాసుకునే నా బతుకు ఆ దాచుడు వల్ల వచ్చిందే. బాకీ తీరిందని చమత్కరించవచ్చు కానీ అట్లా అనుకోవడం లేదు.

అయితే ఎదుటి వాదన బలం తక్కువది కాదు. అరవై పేర్ల మెనూ ముందు బాపు స్వేచ్ఛగా ఏమీ లేడు, ప్లగ్గు పట్టుకుని ఉన్నాడు. నేను సర్దకపోతే ఆ పదిహేడు పేజీలు లేవు. ఇక అరవై పేర్లు ఉన్నది ఉన్నట్టు వదిలేస్తే అదేమన్నా నిష్పక్షపాతమా? ఆ అరవైని, ఆ వరసను కూడా ఎవరో ఒకరు ఎక్కడో కూర్చుని సర్దినదే. ఎవరూ సర్దని మెనూ ఉండదు. మరి నా తప్పు ఎక్కడ? ఆ దసరా నుంచి ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. చుట్టాల ఇళ్ళకు పోయినా వాళ్ళ కంప్యూటర్ల మెనూలే చూస్తుండేవాణ్ణి.

*

జనగామలో రైలెక్కితే కాజీపేట, వరంగల్ దాటి మహబూబాబాద్. మావాళ్ళకు అది మానుకోటే. అక్కడ మా మేనమామకు ఒక జిరాక్సు, డీటీపీ దుకాణం ఉంది. పెళ్ళి కార్డులు, కరపత్రాలు, ఆన్‌లైన్ దరఖాస్తులు. రెండు కంప్యూటర్లు. మామ ఇప్పటికీ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో, ఆపిల్ కీబోర్డు పద్ధతిలో టైపు చేస్తాడు. ఆ వేగం చూస్తే యూనికోడ్ గురించి ఉపన్యాసం ఇవ్వబుద్ధి కాదు. మెనూ సర్ది పెట్టనా మామా అంటే ఒప్పుకోలేదు.

"వద్దల్లుడా. దీని మీద నేను కూసుంట, పనిపిల్లగాడు కూసుంటడు, పొద్దుమూకి ఇంకో పిల్ల వస్తది. బాయి కాడ చేద ఎవలి ఇంటి దిక్కు వాళ్ళు పెట్టుకుంటె నీళ్ళెట్ల తోడుతరు?"

నలుగురు వాడేది ఎవరి అలవాటుకూ సరిపోకుండా ఉండటమే అందరికీ సరిపోవడం. హన్మకొండ సార్ పూర్తి మెనూ పెట్టిందీ ఇందుకే.

మామ దుకాణంలోనే ఇంకో మెనూ గురించి విన్నాను. 2016 అక్టోబరు 11న తెలంగాణలో జిల్లాలు 10 నుంచి 31 అయ్యాయి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ అంతదాకా వరంగల్ జిల్లానే. ఆ రోజుతో మూడూ విడివిడి జిల్లాలు. దరఖాస్తు ఫారాల్లో జిల్లా ఎంచుకునే జాబితా మారింది. మామ వేళ్ళు అలవాటుగా ఇంగ్లీషు 'డబ్ల్యు' మీదికి పోయేవట చాలా నెలలు. వచ్చినవాళ్ళు కూడా "మాది వరంగల్ జిల్లా" అనేవాళ్ళు. భూపాలపల్లి వాళ్ళ తిప్పలు ఇంకో రకం. జిల్లా పేరు జయశంకర్ భూపాలపల్లి. జాబితాలో 'బి' దగ్గర వెతికితే ఉండదు. 'జె' దగ్గర జగిత్యాల, జనగామల తర్వాత, జోగులాంబ గద్వాలకు ముందు ఉంటుంది. తమ ఊరి పేరు మీద ఏర్పడ్డ జిల్లా జాబితాలో లేదని మొదట్లో కంగారుపడ్డవాళ్ళు ఉన్నారని మామ నవ్వుతూ చెప్పాడు. కొత్త జిల్లా వచ్చిందన్న సంబురానికీ, జాబితాలో తన పేరు కనబడని క్షణానికీ మధ్య ఒక మనిషి నిలబడి ఉంటాడు. అతని పక్కన జాబితా ఎట్లా చదవాలో తెలిసిన మామ ఉన్నాడు. బాపు పక్కన ఎవరూ లేరు. నేను హైదరాబాదులో ఉన్నాను.

భూపాలపల్లిలో మా అక్క ఉంటుంది. బావది సింగరేణిలో ఉద్యోగం, భూగర్భ గనిలో. వాళ్ళింట్లో కంప్యూటరు పిల్లలది, దాని గురించి చెప్పడానికేమీ లేదు. కానీ బాపు సంగతి చెప్పి, ఎక్కువసార్లు వాడేవి ముందు పెట్టి వాడనివి దాచాను బావా, అది తప్పంటావా అని అడిగితే ఆయన గని లెక్కలోంచి ఒక మాట చెప్పాడు. భూగర్భ గనికి బయటికి వచ్చే దారులు కనీసం రెండు ఉండాలి. అది దేశంలో గనుల నిబంధన. రోజూ అందరూ పోయి వచ్చేది ఒకటే దారి. రెండో దారిన చాలామంది నెలల తరబడి అడుగు పెట్టరు.

"వాడుతలేమని అది మూసేస్తే గని నడువనియ్యరు. ఎన్నిసార్లు నడిచినమన్నది కాదు లెక్క, ఎప్పుడు అక్కరపడుతదన్నది లెక్క. అది ఎక్కడున్నదో కిందికి దిగే ప్రతి మనిషికి తెలిసుండాలె."

నేను ఎంత చదివినా దొరకని వాక్యం ఇది. తరచుదనం వేరు, ముఖ్యం వేరు. ఆ సౌండ్ రికార్డర్ బాపు రెండో దారి. దాన్ని పక్కకు జరిపితే తప్పు లేకపోయేది. అది ఒకటి ఉందని ఆయనకు తెలియకుండా చెయ్యడం తప్పు. బాపు అలవాట్లు నాకు బాగా తెలుసన్నది నిజమే. అలవాటు అంటే ఆయన ఇదివరకు చేసినది. ఆ పన్నెండు సెకన్లు ఆయన చెయ్యబోయేదానివి. వెనక కుర్చీలో కూర్చున్నవాడికి చేసినదే కనబడుతుంది.

అలవాటు గురించి విలియం జేమ్స్ తన 'ప్రిన్సిపుల్స్ ఆఫ్ సైకాలజీ'లో (1890) ఒక పేరున్న అధ్యాయం రాశాడు. చిన్న పనులన్నీ అలవాటుకు అప్పజెబితే మనసు పెద్ద పనులకు ఖాళీ అవుతుందని ఆయన మెచ్చుకుంటాడు. ఆ మాట మా అమ్మ పోపుల డబ్బాకు, పెంబర్తి ఉలులకు సరిపోతుంది. అదే అధ్యాయంలో అలవాటు సమాజాన్ని ఒకే తీరుగా తిప్పే బరువైన చక్రమని, ఎవరిని ఉన్నచోట వాళ్ళను నిలిపి ఉంచేది అదేనని కూడా అంటాడు. చలికాలపు సముద్రం మీద జాలరిని, చీకట్లో గనికార్మికుణ్ణి నిలిపేది అలవాటేనట. ఇది బావకు చెప్పాను. "అలవాటా? జీతమని చెప్పు ఆయనకు" అన్నాడు. నాకు బావ మాటే సరి అనిపిస్తుంది. మనిషి ఒకచోట ఉండిపోయినప్పుడు, అది అతని అలవాటని పక్కనున్నవాళ్ళు తేలిగ్గా అనేస్తారు. వేరే దారి అతనికి కనబడిందా అని అడగరు. బాపు నాలుగు ప్రోగ్రాములే వాడుతున్నాడని 2018 సంక్రాంతికి నేను కూడా గమనించాను. నా అంచనా సరైందని సంతోషపడ్డాను. నేను మిగిల్చినవే ఆయన వాడుతున్నాడని తట్టలేదు.

*

మరి ఎవరి మెనూ వాళ్ళే సర్దుకుంటే ఈ పేచీ ఉండదు కదా అనుకున్నాను. పెంబర్తి పనివాడి ఉలులు ఆయనే పెట్టుకున్నాడు, ఆయనకు దాపరికం ఏముంటుంది? అట్లాగే నా మెనూ నేనే సర్దుకున్నాను. టెర్మినల్, ఎడిటరు, బ్రౌజరు, పుస్తకాలు చదివే పీడీఎఫ్ రీడరు. ఏళ్ళుగా కంప్యూటర్లు మారుతున్నా, నా హోం ఫోల్డరును ఒకదాన్నుంచి ఇంకోదానికి యథాతథంగా తెచ్చుకుంటాను. నా అలవాట్లన్నీ దాంట్లోనే వస్తాయి.

2022లో ఒకరోజు తెలుగు ఫాంట్లు ఎట్లా చేస్తారో చూద్దామనిపించి ఫాంట్‌ఫోర్జ్ ఎక్కించుకున్నాను. మెనూలో రాలేదు. తీసి మళ్ళీ ఎక్కించాను. రాలేదు. గంటసేపు ఇంటర్నెట్టులో వెతికాను. చివరికి హోం ఫోల్డరులో, ప్రోగ్రాముల వివరాలుండే చోట, ఫాంట్‌ఫోర్జ్ పేరుతో పాత ఫైలు ఒకటి కనబడింది. తారీఖు 2013. లోపల ఒక గీత, నోడిస్‌ప్లే అని. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మండలి, సూరన్న, గురజాడ లాంటి ఫాంట్లు రాక మునుపు, నేనూ ఒక తెలుగు ఫాంటు చేస్తానని బయల్దేరాను. క-గుణింతం దగ్గరే చేతులెత్తేశాను. కనబడితే సిగ్గుగా ఉంటోందని టిక్కు తీసేసుకున్నట్టున్నాను. ఆ సంగతే మరిచిపోయాను. తొమ్మిదేళ్ళ కింద ఇరవై నాలుగేళ్ళ కుర్రాడెవడో ఒకడు, నాకిక దీంతో పని లేదని, నన్నడగకుండా తేల్చేశాడు. వాడు నేనే కాబట్టి ఎవరిని అడగాలి? నేను బాపుకు చేసింది వాడు నాకు చేశాడు. కాకపోతే నాకు ఆ ఫైలు వెతికి పట్టుకునే చదువు ఉంది. ఎక్కడో దాపరికం ఉందన్న అనుమానమైనా వచ్చింది. ఆ అనుమానం రావడమే చదువేమో అనిపించింది ఆ రోజు.

*

2018లో ఆ రాత్రి మాట తర్వాత పొద్దున్నే మెనూ ఎడిటర్ తెరిచి, ఈసారి నేను కూర్చోకుండా బాపును కూర్చోబెట్టాను. టిక్కులు చూపించాను. ఇది పెడితే కనబడుతుంది, తీస్తే కనబడదు, తీసినా పోదు, ఇదిగో మళ్ళీ పెడితే వచ్చింది. తరగతిలో మొండి పిల్లాడు లెక్క చూసినట్టు రెండుమూడుసార్లు తీసి పెట్టి చూశాడు. తర్వాత మొదటినుంచి చివరిదాకా అన్నిటికీ టిక్కులు పెట్టేశాడు. అరవై పేర్లూ తిరిగొచ్చాయి. నాకు చేతులు దురద పెట్టాయి.

ఇప్పటికీ ఆయన మెనూ అట్లాగే ఉంది. ఏదైనా కావాలంటే కళ్ళద్దాలు సర్దుకుని పైనుంచి కిందిదాకా హాజరు పట్టీ చదివినట్టు చదువుకుంటూ పోతాడు. ప్లగ్గు మాత్రం పీకడు. మధ్యలో ఏవో తెరిచి చూస్తాడు, మూసేస్తాడు. బ్రౌజరుకు నేను పెట్టిన 'పేపరు' పేరు అట్లాగే ఉంచాడు, అలవాటైందట.

ఆ పండుగ అయిన వారానికి నాయనమ్మను మంచం మీద దిండ్లు ఆనించి కూర్చోబెట్టి మైకు పెట్టాడు. ఆ ఫైలు నా దగ్గర ఉంది. పదకొండు నిమిషాలు. మొదటి చరణం ఐదుసార్లు ఉంది. మధ్యలో బాపు తనకు గుర్తున్న ముక్కలు అందిస్తాడు, ఆమె "అది గాదు" అంటుంది, ఏది అవునో చెప్పదు. ఒకచోట ఇప్పుడెవరికీ తెలియని పేరు ఒకటి పిలుస్తుంది. చివర్లో "తిన్నవారా" అని అడుగుతుంది, రెండుసార్లు.

పోయిన దసరాకు చూశాను, మెనూలో ఆ రికార్డరు పేరు మారి ఉంది. నేను మార్చలేదు. ఎట్లా మార్చాలో ఎప్పుడు పట్టుకున్నాడో తెలియదు. 'అవ్వ పాట' అని ఉంది. రేపు ఇంకేదైనా రికార్డు చెయ్యాలంటే ఈ పేరు చూసి గుర్తుపడతావా బాపూ అని అడగబోయి ఊరుకున్నాను.